డియోడరెంటు మానేయాలనుకుంటే: పటిక, పాలగుండ వాడే సరైన క్రమం

ఎండలు ముదిరే కొద్దీ నాకు వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. “పటిక రాస్తున్నాను, పది గంటలకల్లా మళ్ళీ వాసన.” “వంటసోడా రాస్తే చర్మం మండిపోయింది.” “నిమ్మచెక్క రుద్దాక నల్లమచ్చలు పడ్డాయి.” అడిగేవారిలో పటిక వాడేవారు చాలామంది. వారు ఎంచుకున్న వస్తువు మంచిదే. దాన్ని దేని తర్వాత వాడాలి, ఎంత పలుచగా వాడాలి అన్న దగ్గరే తేడా వస్తోంది. ఒక పనినైతే దాదాపు అందరూ వదిలేస్తున్నారు: చంకలను పూర్తిగా ఆరనివ్వడం.

అందుకే ఈ మార్గదర్శిని చేయాల్సిన క్రమంలోనే రాస్తున్నాను. ఒకసారి మొత్తం చదివాక సరుకులు కొనండి. మధ్యలో ఏ మెట్టూ దాటవేయకండి.

1. మొదలుపెట్టే ముందు తెలియాల్సినవి

చెమటకు దానంతట దానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. ఒంటినిండా ఉండే స్వేదగ్రంథులు వదిలేది దాదాపు ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో మరో రకం గ్రంథులు కూడా ఉంటాయి. యుక్తవయసులో పని మొదలుపెట్టే ఈ గ్రంథులు కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. చర్మం మీద నివసించే బ్యాక్టీరియా, ముఖ్యంగా కోరినేబ్యాక్టీరియం, కొన్ని రకాల స్టెఫైలోకాకస్, ఈ ద్రవాన్ని విడగొడతాయి. అప్పుడు పుట్టే ఆమ్లాలు, గంధకపు సమ్మేళనాలే మనకు తగిలే ఆ ఘాటు.

డియోడరెంటు ఈ బ్యాక్టీరియాను తగ్గించి, మిగిలిన వాసనను పరిమళంతో కప్పుతుంది. యాంటీపెర్స్పిరెంట్ పని వేరు. అందులోని అల్యూమినియం లవణాలు చెమట రంధ్రాలను తాత్కాలికంగా మూసివేసి, చెమటనే తగ్గిస్తాయి. ఇంట్లో చేసుకునే ఏ పద్ధతీ చెమటను ఆపదు. చంక తడుస్తుంది, కానీ వాసన రాదు. మీరు ఆశించాల్సిన ఫలితం అదే. చొక్కా మీద తడిమచ్చ కూడా కనిపించకూడదనుకునే వారికి ఈ దారి నిరాశ కలిగిస్తుంది.

పటిక గురించి ఒక అపోహ తొలగించాలి. “అల్యూమినియం వద్దు కాబట్టి పటిక వాడుతున్నాను” అని చాలామంది అంటారు. మనం వాడే పటిక కూడా అల్యూమినియం లవణమే, పొటాషియం అల్యూమినియం సల్ఫేటు. అది ప్రధానంగా చర్మాన్ని కాస్త ఆమ్లంగా మార్చి, బ్యాక్టీరియాను అణచి పనిచేస్తుంది. యాంటీపెర్స్పిరెంట్ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు కాబట్టి ఆ భయంతో ఈ మార్పు చేయనవసరం లేదు. పరిమళ ద్రవ్యాలు పడకపోవడం, స్ప్రే వల్ల దగ్గు, ఖర్చు, ఒంటికి తక్కువ పదార్థాలు తగలాలన్న కోరిక, ఇవన్నీ సరైన కారణాలే. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం పటికైనా, యాంటీపెర్స్పిరెంటైనా తమ డాక్టరును అడిగాకే వాడాలి.

2. వాసన ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి

ఒక సెలవు రోజున ఈ రెండు పరీక్షలు చేయండి. వీటికి పైసా ఖర్చు లేదు.

బట్ట పరీక్ష: ఉతికి ఆరిన చొక్కా లేదా జాకెట్టు తీసుకోండి. చంక భాగం మీద కొద్దిగా నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఒక్క క్షణం ఆనించి, వెంటనే వాసన చూడండి. పాత చెమట వాసన లేస్తే తప్పు మీ చంకలది కాదు, బట్టది. ఉతికినా వదలని మురికి, బ్యాక్టీరియా పోగుల్లో మిగిలిపోయి, ఒంటి వేడి తగలగానే మళ్ళీ వాసన ఇస్తున్నాయి.

చర్మ పరీక్ష: స్నానం చేసి, ఏమీ రాయకుండా, శుభ్రమైన వదులు నూలు చొక్కా వేసుకొని ఇంట్లోనే ఉండండి. గంటకోసారి శుభ్రమైన దూదితో చంక తుడిచి వాసన చూడండి. ఎన్ని గంటలకు వాసన మొదలైందో రాసుకోండి. నాలుగు గంటల తర్వాతైతే ఈ పద్ధతి మీకు బాగా పనిచేస్తుంది. గంటలోపే మొదలైతే ముందు 3వ భాగం చదవండి.

నా దగ్గరికి ప్రశ్నలతో వచ్చినవారు బట్ట పరీక్ష చేసి ఆశ్చర్యపోవడం ఎన్నోసార్లు చూశాను. పాలిస్టర్ చొక్కాలు వేసుకునేవారిలో ఇది మరీ ఎక్కువ. నూలు కంటే పాలిస్టర్ ఒంటి జిడ్డును, వాసనను ఎక్కువగా పట్టి ఉంచుతుంది.

3. ముందు డాక్టరును కలవాల్సినవారు

వీటిలో ఒక్కటి ఉన్నా ఇంటి చిట్కాలతో కాలం గడపకండి:

▢ కదలకుండా కూర్చున్నా చేతులు, చంకలు కారిపోయేంత చెమట
▢ రాత్రిళ్ళు పక్క తడిసేంత చెమట, దానికి తోడు జ్వరం లేదా బరువు తగ్గడం
▢ చంకలో మాటిమాటికీ వచ్చే గడ్డలు, చీము, మానినా మచ్చలు మిగలడం
▢ గుండ్రంగా పాకే దురద మచ్చలు, అంటే తామర
▢ ఒంటి వాసన హఠాత్తుగా పూర్తిగా మారిపోవడం, చేపల వాసన లేదా పులిసిన పండు వాసన రావడం
▢ ఆడపిల్లల్లో 8 ఏళ్ళు, మగపిల్లల్లో 9 ఏళ్ళు నిండకముందే పెద్దవారిలా చంకల వాసన

మరో సంగతిని ప్రత్యేకంగా చెప్పాలి. చంకలు, మెడ వెనుక భాగం నల్లబడి, చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా తగులుతుంటే దాన్ని మురికి అనుకొని రుద్దకండి. ఎంత రుద్దినా అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు అయి ఉండవచ్చు. మన ఇళ్ళలో మధుమేహం ఎంత ఎక్కువో తెలిసిందే కదా, ఒకసారి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. “శుభ్రత లేదు” అని పిల్లల్ని తిట్టే ముందు పెద్దలు ఈ విషయం తెలుసుకోవాలి.

4. సరుకుల జాబితా

▢ పటిక, 50 గ్రాములు. కిరాణా, పూజాసామగ్రి దుకాణాల్లో దొరుకుతుంది. మంగలి గడ్డం గీశాక రాసేది, దిష్టికి గుమ్మానికి కట్టేది ఇదే. పటికబెల్లం కాదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి కొట్లో స్పష్టంగా చెప్పి అడగండి. చక్కెర గడ్డను చంకలో రుద్దితే బ్యాక్టీరియాకు విందు పెట్టినట్లే.
▢ పాలగుండ (ఆరోరూట్ పిండి), 100 గ్రాములు. దొరకకపోతే తెల్లటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్).
▢ సున్నిపిండి లేదా ఘాటు వాసన లేని సబ్బు
▢ వట్టివేళ్ళు, ఒక చిన్న కట్ట
▢ 100 మి.లీ. పట్టే గాజు లేదా ప్లాస్టిక్ స్ప్రే సీసా. పటిక నీళ్ళు ఆమ్లగుణం కలవి కాబట్టి ఇనుప, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు వద్దు.
▢ చంకలకు మాత్రమే వాడే రెండు చిన్న నూలు తువ్వాళ్ళు
▢ తెల్ల వెనిగర్, బట్టల కోసం

టాల్కం పౌడరు ఈ జాబితాలో లేదు. టాల్క్‌ను ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించగల’ పదార్థాల వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో చేర్చింది. పాలగుండ అదే పని చేస్తున్నప్పుడు దాని అవసరం లేదు.

5. మొదట బట్టలు బాగుచేయండి

పటిక ఎంత శ్రద్ధగా రాసినా వాసన నిండిన చొక్కా తొడుక్కుంటే అరగంటలో ఫలితం పోతుంది. కాబట్టి పద్ధతి మొదలుపెట్టే వారానికి ముందే ఈ పని పూర్తిచేయండి.

అ) చొక్కాలను లోపలివైపు బయటకు తిప్పండి.

ఆ) ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్ళు కలిపి, చంక భాగం మునిగేలా అరగంట నానబెట్టండి. ఈ నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు గానీ, బ్లీచ్ ద్రవం గానీ పొరపాటున కూడా కలపకండి. విషవాయువు పుడుతుంది.

ఇ) మంచినీళ్ళతో జాడించి, మామూలుగా ఉతకండి. నూలు బట్టలైతే వేడినీళ్ళు వాడవచ్చు.

ఈ) బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన ద్రవాలు మానండి. అవి పోగుల మీద పొరగా పేరుకొని వాసనను లోపలే బంధిస్తాయి.

ఉ) తిప్పిన బట్టను అలాగే ఎండలో ఆరవేయండి. రంగు వెలిసే బట్టలైతే గాలి తగిలే నీడ చాలు.

రెండుసార్లు ఇలా చేసినా ఇస్త్రీ పరీక్షలో వాసన లేస్తే ఆ బట్టను ఇంటికే పరిమితం చేయండి.

యూనిఫాం వేసుకోక తప్పనివారు, అంటే కాపలా ఉద్యోగులు, డెలివరీ చేసేవారు, ఆసుపత్రి సిబ్బంది వంటివారు, లోపల చేతులున్న నూలు బనియను వేసుకోవాలి. చేతుల్లేని బనియను చంకను కప్పదు కాబట్టి ప్రయోజనం ఉండదు. పట్టు జాకెట్ల లాంటి ఉతకలేని బట్టలకు టైలరు చేత చంక లోపల తీసి పెట్టుకునే నూలు అతుకులు కుట్టించండి. పెళ్ళిళ్ళ కాలంలో మూడు జతల అతుకులు ఉంటే జాకెట్టు పాడుకాకుండా మిగులుతుంది.

6. వెంట్రుకలు, ఒంటికి పడుతుందో లేదో పరీక్ష

చంకల్లో వెంట్రుకలు పూర్తిగా తీయాల్సిన అవసరం లేదు. చిన్న కత్తెరతోనో ట్రిమ్మరుతోనో పొట్టిగా కత్తిరిస్తే చాలు. వెంట్రుకలు ఒత్తుగా ఉంటే తడి ఆరదు, రాసింది చర్మాన్ని చేరదు. రేజరు వాడేవారు ఆ పని రాత్రి చేసుకొని, 24 గంటలు ఏమీ రాయకండి. గీసిన చర్మం మీద కంటికి కనిపించని గీతలు ఉంటాయి.

కొత్తగా చేసిన పటిక నీళ్ళను, పొడిని (తయారీ 7వ భాగంలో ఉంది) చంకలకు వాడే ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు రాయండి. కనీసం మూడు రోజులు, సున్నితమైన చర్మమైతే వారం. రెండింటినీ ఒకే చోట రాయకండి. దురద వస్తే దేనివల్లో తెలియదు.

7. పటిక నీళ్ళు, పొడి తయారీ

పటిక నీళ్ళు: 100 మి.లీ. నీటిని మరిగించి గోరువెచ్చగా చల్లార్చండి. పొడిచేసిన పటిక 5 గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీస్పూను, వేసి కరిగేదాకా కలపండి. పలుచటి గుడ్డలో వడగట్టి సీసాలో పోయండి. 15 రోజులకు ఒకసారి కొత్తగా చేసుకోండి. ఎక్కువ పటిక వేస్తే ఎక్కువ ఫలితం రాదు, చర్మం బిగుసుకొని పొలుసులు లేస్తుంది.

సువాసన కావాలంటే ఒక పిడికెడు వట్టివేళ్ళను కడిగి, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళనే మరిగించి వడగట్టి పటిక కలపండి. కానీ ఇది ఫ్రిజ్‌లో పెట్టినా మూడు రోజులే నిలుస్తుంది. వేపాకు కషాయానికీ ఇదే లెక్క. వారం నాటి వేపనీళ్ళు రాసుకొని చంకలు పుండ్లు పడ్డాయని రాసినవారు ఉన్నారు.

పొడి: పాలగుండను ఎండలో ఒక పూట ఆరబెట్టి, వస్త్రగాళితం పట్టి, మూత బిగువైన డబ్బాలో పెట్టండి. అందులో ఇంకేమీ వేయనవసరం లేదు. మంచిగంధం పొడి ఇష్టమైతే చిటికెడు. పసుపు మాత్రం వద్దు, బట్టలకు అంటితే పోదు.

సున్నిపిండి ఇంట్లో పట్టించుకునేవారికి: పెసలు అరకిలో, పచ్చి శెనగపప్పు పావుకిలో, వట్టివేళ్ళు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు. వట్టివేళ్ళను కత్తెరతో చిన్న ముక్కలు చేసి, అన్నింటినీ రెండు రోజులు గలగలమనేలా ఎండబెట్టండి. పిండిమర దగ్గర ఒక్కమాట అడగండి: తమకు ముందు కారం పట్టారా అని. పట్టి ఉంటే మరో రోజు వెళ్ళండి. మరలో మిగిలిన ఆ కాస్త కారమే చంకల్లో మంట పెట్టడానికి చాలు. చాలామంది సున్నిపిండిలో వేసే బావంచాలు ఈ పిండిలో వద్దు. వాటిలోని పదార్థం చర్మాన్ని ఎండకు సున్నితంగా మార్చి, మచ్చలకు దారితీయవచ్చు.

8. ఉదయం చేయాల్సిన క్రమం

ఇది ఈ మార్గదర్శికి గుండెకాయ. మొత్తం ఎనిమిది నిమిషాలు పడుతుంది.

అ) కడగడం. రెండు చంకలకు కలిపి ఒక టీస్పూను సున్నిపిండిని నీళ్ళతో పలుచగా కలిపి, వేళ్ళతో అరనిమిషం మృదువుగా తిప్పండి. పీచు, రాయి వద్దు. సబ్బు వాడేవారు నురుగును అరనిమిషం ఉంచండి. రాసిన వెంటనే కడిగేస్తే జిడ్డు వదలదు.

ఆ) జాడించడం. సున్నిపిండి ముడతల్లో మిగిలిపోతే అదే బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. చేయి పూర్తిగా పైకెత్తి, చర్మం జారుడు తగలనంతవరకు నీళ్ళు పోయండి.

ఇ) అద్దడం. చంకల కోసం పెట్టుకున్న చిన్న తువ్వాలుతో అద్దండి. నిన్న వాడి, తడిగా వేలాడదీసిన తువ్వాలైతే నిన్నటి బ్యాక్టీరియాను తిరిగి పూసుకున్నట్లే. రోజుకొకటి మార్చండి.

ఈ) ఆరనివ్వడం. చేతులు ఎత్తి ఫ్యాను కింద రెండు నిమిషాలు నిలబడండి. తువ్వాలు తుడిచాక చర్మం ఆరినట్లే అనిపిస్తుంది, కానీ ముడతల్లో తేమ ఉంటుంది. వేలి వెనుకభాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. ఈ తేమ మీద పటిక నీళ్ళు రాస్తే పలుచబడతాయి, పొడి వేస్తే ముద్ద కడుతుంది. “పది గంటలకే వాసన” అన్నవారిలో చాలామందికి ఈ రెండు నిమిషాలే లోటు. నిజంగా సమయం లేని రోజున పొడినైనా వదిలేయండి గానీ ఆరనివ్వడం వదలకండి.

ఉ) పటిక నీళ్ళు. ఒక్కో చంకకు రెండు స్ప్రేలు, అంతే. వేళ్ళతో సమంగా అద్దండి. స్ప్రే లేకుండా పటిక రాయి వాడేవారు ముందుగా రాయిని తడిపి, ఒక్కో చంకలో నాలుగైదుసార్లు తేలికగా జార్చండి. తర్వాత రాయిని కడిగి, తుడిచి, ఆరబెట్టండి. పగిలి అంచు తేలిన రాయిని తడిగుడ్డతో అరగదీసి నునుపు చేశాకే వాడండి. ఒకరి రాయి ఒకరికే.

ఊ) మళ్ళీ ఆరనివ్వడం. ఈసారి రెండు మూడు నిమిషాలు. ఈలోగా తల దువ్వుకోవచ్చు, కింది బట్టలు వేసుకోవచ్చు. తడి పటిక బట్టకు, ముఖ్యంగా పట్టుకు, తగిలితే మరక కట్టవచ్చు.

ఎ) పొడి. అరచేతిలో చిటికెడు పాలగుండ వేసుకొని అద్దండి. కనిపించీ కనిపించనంత పలుచగా ఉండాలి. తెల్లగా కనిపిస్తే ఎక్కువైనట్లు, దులిపేయండి.

ఏ) చొక్కా.

అత్తరు ఇష్టపడేవారు బట్ట మీద, చంకకు దూరంగా, ఒక్క చుక్క రాసుకోండి. వట్టివేళ్ళను పలుచటి గుడ్డలో మూటకట్టి బీరువాలో బట్టల మధ్య పెట్టడం నాకు మరీ ఇష్టమైన పద్ధతి. చర్మానికి ఏమీ తగలదు, చొక్కా తీసినప్పుడల్లా ఎండిన మట్టి మీద వాన పడిన వాసన వస్తుంది.

9. మధ్యాహ్నం, రాత్రి

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అక్కడ ఉదయం చేసింది మధ్యాహ్నం దాకానే నిలవవచ్చు. అనంతపురం, నిజామాబాద్ వంటి పొడి ఎండల చోట ఒక్కసారి రాసింది సాయంత్రం వరకు సరిపోవచ్చు. మీ ఊరి గాలిని బట్టి నిర్ణయించుకోండి.

మధ్యాహ్నం చేయాల్సింది ఇంతే: తడిపి పిండిన నూలు గుడ్డతో చంకలు తుడవండి, పొడిగుడ్డతో అద్దండి, ఒక్క స్ప్రే పటిక నీళ్ళు కొట్టండి. తుడవకుండా పాత చెమట మీదే మళ్ళీ రాయడం వృథా.

సంచిలో ఉంచుకోవాల్సినవి:
▢ రెండు చిన్న నూలు గుడ్డలు, వాడింది పెట్టడానికి వేరే కవరు
▢ చిన్న సీసాలో పటిక నీళ్ళు
▢ ఎక్కువ తిరిగే రోజున మరో చొక్కా లేదా బనియను

రాత్రి పడుకునే ముందు చంకలు నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, ఏమీ రాయకుండా వదిలేయండి. చర్మానికి ఆ ఏడెనిమిది గంటల విరామం అవసరం. చర్మం పొడిబారితే రెండు చుక్కల కొబ్బరినూనె చాలు.

10. మొదటి నాలుగు వారాలు

యాంటీపెర్స్పిరెంట్ మానేశాక చెమట తిరిగి మామూలుగా వస్తుంది, చంకల్లోని బ్యాక్టీరియా సమూహం మారుతుంది. అందువల్ల మొదటి రెండు వారాలు వాసన పెరిగినట్లు అనిపించవచ్చు. ఇది ‘విషాలు బయటికి పోవడం’ కాదు. ఒంట్లోని వ్యర్థాలను వడగట్టేవి కాలేయం, మూత్రపిండాలు. చంకలకు బంకమట్టి పట్టీలు వేసి శుద్ధి చేయాలని చెప్పేవారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

వీలైతే సెలవుల్లో మొదలుపెట్టండి. మొదటి వారం కడగడం, ఆరనివ్వడం మాత్రమే చేయండి. రెండో వారం పటిక నీళ్ళు చేర్చండి. మూడో వారం పొడి. వారానికి ఒక్కటే చేర్చడం వల్ల మీకు ఏది పనిచేస్తోందో, ఏది పడటం లేదో తెలుస్తుంది. రెండో వారానికే మీకు సరిపోతే అక్కడే ఆగిపోండి. నాలుగో వారం చివర చర్మ పరీక్ష మళ్ళీ చేసి, వాసన మొదలైన గంటను మొదట రాసుకున్న దానితో పోల్చండి.

11. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే మార్గాలు

వంటసోడా. ఆరోగ్యమైన చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దాదాపు 5. వంటసోడా నీళ్ళ పీహెచ్ 8 పైన. రోజూ రాస్తే చర్మపు రక్షణ పొర దెబ్బతిని, ఎర్రబడి, పగులుతుంది. నేనూ ఈ పొరపాటు చేశాను. మొదటి వారం వాసన అసలు లేకపోవడంతో సంతోషించి, రెండో వారం మంటను పట్టించుకోలేదు. చర్మం మామూలు కావడానికి మరో పదిహేను రోజులు పట్టింది. సోడాను బట్టలు నానబెట్టడానికి వాడండి, ఒంటికి వద్దు.

పటిక, సోడా కలపడం. ఒకటి ఆమ్లం వైపు, మరొకటి క్షారం వైపు. కలిపితే పొంగి, రెండింటి గుణమూ పోతుంది. నిమ్మరసం, సోడా కలిపినా అంతే.

నిమ్మచెక్క. పీహెచ్ 2 దగ్గర ఉండే రసం చర్మాన్ని కొరుకుతుంది. పైగా నిమ్మ తగిలిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు రావచ్చు. చంకలు తెల్లబడతాయని నిమ్మ రుద్దినవారికి అవి ఇంకా నల్లబడటానికి కారణం ఇదే, దానికి తోడు రాపిడి. ఇప్పటికే నల్లబడి ఉంటే రుద్దడం మానేసి, వదులు బట్టలు వేసుకొని, కొన్ని నెలలు ఓపిక పట్టండి.

టీ ట్రీ, లవంగ, దాల్చిన నూనెలు నేరుగా రాయడం. ఇవి చాలా గాఢమైనవి. లవంగ, దాల్చిన నూనెలు చంకలకు అసలు వద్దు. టీ ట్రీ నూనె వాడాలంటే 30 మి.లీ. కొబ్బరినూనెలో ఆరు చుక్కలకు మించకూడదు. పటిక నీళ్ళలో వేస్తే కలవదు, పైన తేలి ఒక్కచోటే గాఢంగా తగులుతుంది.

పొడి ముద్ద కట్టడం. ఆరకముందే వేశారు లేదా ఎక్కువ వేశారు. కడిగి మళ్ళీ మొదలుపెట్టండి, పైన ఇంకొంచెం వేయకండి.

స్ప్రే సీసా మూసుకుపోవడం. పటిక గడ్డకట్టింది. మూతను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి.

దద్దురు వస్తే: అన్నీ ఆపేయండి. ఐదు రోజులు నీళ్ళతో మాత్రమే కడగండి, వదులు నూలు బట్టలు వేసుకోండి. దురదకు కాలమైన్ లోషన్ రాయవచ్చు. వారంలో తగ్గకపోయినా, నీరు కారినా చర్మవ్యాధుల డాక్టరును కలవండి. తగ్గాక ఒక్కొక్కటే తిరిగి చేర్చి, కారణం పట్టుకోండి.

12. తిండి సంగతి

వెల్లుల్లి, ఉల్లి ఎక్కువగా తిన్న రోజు ఒంటి వాసనలో తేడా తెలుస్తుంది. మెంతులు నానబెట్టి రోజూ తినేవారి చెమటకు, మూత్రానికి ఒక తియ్యటి వాసన వస్తుంది. ఇది హానికరం కాదు. ముఖ్యమైన ఇంటర్వ్యూ, పెళ్ళిచూపులు ఉంటే రెండు రోజుల ముందు తగ్గించుకోవచ్చు. అంతకు మించి పథ్యం అవసరం లేదు.

13. చలిదేశాల్లో ఉన్నవారికి

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉంటున్న మనవారికి చలికాలంలో రెండు ఇబ్బందులు. హీటర్ల గాలికి చర్మం ఎండిపోతుంది కాబట్టి పటిక నీళ్ళు బిగుతుగా అనిపిస్తాయి. అక్కడ ఈ ముద్ద మేలు: కొబ్బరినూనె మూడు టేబుల్ స్పూన్లు, పాలగుండ మూడు టేబుల్ స్పూన్లు, తేనెమైనం ఒక టేబుల్ స్పూను. మైనాన్ని, నూనెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, దించాక పాలగుండ కలిపి, గడ్డకట్టేదాకా కలుపుతూ ఉండండి. బఠాణీ గింజంత తీసుకొని, వేళ్ళ మధ్య కరిగించి, ఆరిన చర్మం మీద రాయండి. రెండు నిమిషాలు ఆగి చొక్కా వేసుకోండి, లేకపోతే నూనె మరక పడుతుంది. మన ఎండలకు ఈ ముద్ద పనికిరాదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, ముద్ద మెత్తబడి బట్టకు అంటుతుంది.

రెండో ఇబ్బంది తాలింపు వాసన. కిటికీలు మూసిన ఇంట్లో ఇంగువ, ఉల్లి, నూనె ఆవిర్లు ఉన్ని కోటుకు పట్టి రోజుల తరబడి ఉంటాయి. దాన్ని చెమట వాసన అనుకొని చర్మానికి ఇంకా ఏదో రాసి బాధపడేవారున్నారు. కోట్లను వంటగదికి దూరంగా, తలుపు మూసిన అలమరలో పెట్టండి. వంట చేసేటప్పుడు వేసుకునే బట్టలు వేరుగా ఉంచండి. బయటికి వెళ్ళే చొక్కాను వంట పూర్తయ్యాకే తొడుక్కోండి.